నెట్ వెనక ఎంత కనిపించాలి: ఇంటి స్టూడియోలో ఒక లోదుస్తుల క్యాటలాగ్ చిత్రీకరణ

విజయవాడలో పన్నెండు కుట్టుమిషన్లతో నైట్‌వేర్, లోదుస్తులు తయారు చేసే ఒక చిన్న సంస్థ యజమానురాలు తమ కొత్త రకాలకు క్యాటలాగ్ ఫొటోలు తీయాలని నన్ను అడిగారు. మొత్తం 14 దుస్తులు. వాటిలో తొమ్మిది మామూలు కాటన్, మైక్రోఫైబర్ రకాలు కనుక వాటి గురించి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పవలసింది లేదు. మిగిలిన ఐదూ పల్చని బట్టలు: తెల్ల నెట్ రోబ్, నల్ల లేస్ జత, వైన్ రంగు జార్జెట్ నైటీ, లేత గులాబి ఆర్గంజా పొట్టి కోటు, నల్ల మెష్ బాడీసూట్. ఈ నివేదిక ఆ ఐదింటి గురించే.

అంతకుముందు ఆమె వేరొకచోట ఫొటోలు తీయించారు. వాటిలో తెల్ల నెట్ రోబ్ ఉన్నదానికంటే పల్చగా కనిపించడంతో ఆన్‌లైన్ అంగడి వాటిని తిరస్కరించింది. రిటచింగ్ (తీసిన ఫొటోను కంప్యూటర్‌లో దిద్దడం) చేసినవారు నెట్ వెనక భాగాన్ని మసకబార్చి తెల్లరంగు నింపి ఇచ్చారు. ఈసారి ఫొటో అంగడిలోకి వెళ్ళింది గాని, కొన్న ఆడవాళ్ళు ఫొటోలో ఇంత పల్చగా లేదంటూ రోబ్‌లను వెనక్కి పంపడం మొదలుపెట్టారు. “అన్నయ్యగారూ, ఒకసారేమో ఎక్కువ కనిపించింది, ఇంకోసారేమో లేనిది కనిపించింది. మోడల్‌కీ ఇబ్బంది లేకుండా, కొనేవాళ్ళకీ అబద్ధం చెప్పకుండా తీసే దారి ఉందా?” అని ఆమె అడిగారు. నేను ఒప్పుకున్న పని ఈ ప్రశ్నకు జవాబు చెప్పడమే.

పల్చని బట్టలోంచి ఎంత కనిపించాలన్నది ఎడిటింగ్‌లో తేల్చుకునే విషయం కాదని నా గట్టి అభిప్రాయం. వేసుకునే మనిషి దాన్ని ముందుగా చెప్పాలి, ఫొటోగ్రాఫర్ ఆ మాటను వెలుతురు లెక్కగా మార్చి నిలబెట్టాలి. ఇలా చేయడం సాధ్యమేనని నాకు మొదట నేర్పినవి లోదుస్తులు కావు, ఉప్పాడ జాందానీ చీరలు. చీరల క్యాటలాగ్‌లు తీసే రోజుల్లో ఒకే చీర ఒక ఫొటోలో పాలమీగడలా మందంగా, మరో ఫొటోలో లోపలి పరికిణీ అంచుతో సహా కనిపించేంత పల్చగా రావడం చూసి, తేడా బట్టలో కాక దీపాల అమరికలో ఉందని గుర్తించాను.

కారణం తేలికైనదే. ఒక బట్ట తనమీద పడిన వెలుతురులో సగాన్ని లోపలికి పంపుతుందనుకుందాం. ముందునుంచి పడిన వెలుతురు బట్టను దాటి, చర్మాన్ని తాకి, మళ్ళీ అదే బట్టను దాటి కెమెరా వైపు రావాలి. సగంలో సగం, అంటే పావు వంతు, అందులోనూ చర్మం పీల్చుకున్నది పోగా మిగిలినదే మనకు చేరుతుంది. వెనకనుంచి వచ్చే వెలుతురు మాత్రం బట్టను ఒక్కసారే దాటుతుంది, మధ్యలో ఉన్న ఒంటి ఆకారాన్ని నీడగా చూపిస్తుంది. తోలుబొమ్మలాటలో పల్చని తెర వెనక దీపం పెట్టడానికీ, చూసేవాళ్ళు ముందు చీకట్లో కూర్చోవడానికీ ఇదే ఆధారం. ఇక పక్కనుంచి, బట్టను రాసుకుంటూ పోయేలా పడే వెలుతురుకు దారాల అంచులే ముందు తగులుతాయి. దారాలు మెరుస్తాయి, వాటి వెనకున్న చర్మానికి తక్కువ చేరుతుంది, అందువల్ల బట్ట ఉన్నదానికంటే కొంచెం మందంగా కనిపిస్తుంది. కెమెరా పక్కనే ఉన్న ఫ్లాష్ నేరుగా కొట్టినప్పుడు వెలుతురు నెట్ కన్నాల్లోంచి సూటిగా చర్మం దాకా వెళ్ళి అదే దారిన తిరిగి వస్తుంది. గదిలో కంటికి నిండుగా అనిపించిన బట్ట ఫ్లాష్ ఫొటోలో లేనట్టే ఉండడానికి కారణం ఇదే.

గది

నా స్టూడియో హైదరాబాద్‌లో మేము ఉంటున్న ఫ్లాట్ హాలే. పొడవు 18 అడుగులు, వెడల్పు 11 అడుగులు, ఎత్తు తొమ్మిదిన్నర. మనిషిని నిలువునా తీయాలంటే ఫ్రేము ఎత్తు రెండు మీటర్లు ఉండాలి. 85 ఎంఎం లెన్స్‌తో ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా అందుకు దాదాపు 4.7 మీటర్లు వెనక్కి జరగాలి. హాలు మొత్తం పొడవే ఐదున్నర మీటర్లు. అలా తీస్తే మోడల్ వెనక గోడకు ఆనుకుని నిలబడాలి, అప్పుడు గోడమీది వెలుతురంతా బట్ట వెనకనుంచి తిరిగి వస్తుంది. కనుక నిలువు ఫొటోలకు ఇంకా విశాలంగా చూసే 50 ఎంఎం లెన్స్ వాడాను. దానితో 2.8 మీటర్ల దూరం చాలు, మోడల్‌కూ గోడకూ మధ్య రెండు మీటర్లకు పైగా మిగిలింది. 85 ఎంఎంను నడుము పైభాగం వరకు తీసే ఫొటోలకే ఉంచాను. ఇంట్లో పనిచేసేవారు లెన్స్‌ను ముఖం అందానికి తగ్గట్టు ఎంచుకుంటారు. పల్చని బట్టల విషయంలో మాత్రం మోడల్ వెనక ఎంత ఖాళీ మిగులుతుందో చూసి ఎంచుకోవాలి.

ఇంటి స్టూడియోకు ఇంకొక బరువుంది. ఇది పదిమంది తిరిగే ఇల్లు. బాల్కనీ కిటికీకి ఎదురుగా మరో బ్లాకు ఉంది. సాయంత్రం దాటాక లోపల దీపాలు వెలిగితే పల్చని కర్టెన్ మీద లోపలివాళ్ళ నీడలు బయటికి కనిపిస్తాయి, ఇది కూడా తోలుబొమ్మల లెక్కే. నల్ల రెక్సిన్ పరదా వేసి, దీపాలన్నీ వెలిగించి, నేనే కిందికి దిగి ఎదుటి బ్లాకు మెట్ల దగ్గరనుంచి చూసి వచ్చిన తరువాతే షూట్ తేదీ ఖాయం చేశాను. హాల్లోకి చూసే సీసీ కెమెరాను ఆపడం మాత్రమే కాక ప్లగ్ కూడా తీసేశాను. మా ఇంటి టీవీ ఖాళీగా ఉన్నప్పుడు కుటుంబం ఫోన్లలోని ఫొటోలను తెరమీద తిప్పుతుంది. దాని కరెంటు కూడా తీసేశాను.

ఒక తప్పు మాత్రం నావల్ల జరిగింది, దాన్ని దాచడం సరికాదు. టెస్టు రోజున డమ్మీ మీద వేసిన బట్టను నా ఫోన్‌తో తీశాను. ఆ రాత్రి ఆ ఫొటోలు కుటుంబమంతా వాడే ఉమ్మడి ఆల్బమ్‌లో ప్రత్యక్షమయ్యాయి. అవి డమ్మీ ఫొటోలు కనుక సరిపోయింది. అదే మనిషి ఫొటో అయి ఉంటే నేను ఆమెకు ఇచ్చిన మాట ఆ క్షణానే తప్పినట్టు అయ్యేది. ఆ రోజునుంచి షూట్ గదిలోకి ఏ ఫోనూ రాదు, నాదీ రాదు. తలుపు దగ్గర స్టీలు డబ్బాలో పెట్టి మూత వేస్తాం. తెరవెనక వీడియోలు కావాలని యజమానురాలు అడిగినా ఒప్పుకోలేదు.

బట్టలు మార్చుకోవడానికి లోపలి గడియ, నిలువుటద్దం, సొంత బాత్రూమ్ ఉన్న పడగ్గది ఇచ్చాం. నేను పురుషుణ్ణి కనుక, బట్ట సర్దడం, పిన్ను పెట్టడం వంటి పనులన్నీ నా సహాయకురాలే చేస్తారు. ఆమె లేని రోజు ఈ రకం షూట్ ఉండదు. మోడల్ తనతో ఎవరినైనా తెచ్చుకోవచ్చని ముందే చెప్పాను, ఆమె తన అక్కగారిని తీసుకువచ్చారు. ఏసీని 27 డిగ్రీల దగ్గర ఉంచాం. దీపాల వేడికి మాకు చెమటలు పట్టేవి గాని, 22 దగ్గర పెడితే మోడల్ ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని చర్మమంతా గరుకుగా పడుతుంది, దాన్ని రిటచింగ్‌లో తీయడమంటే చర్మాన్నే చెరపడం. అలాగే షూట్‌కు రెండు గంటల ముందునుంచి బిగుతు ఎలాస్టిక్ ఉన్న బట్టలు వద్దని, వదులు నైటీతో రమ్మని కోరాం. నడుం మీద, భుజాల మీద పడే ఎలాస్టిక్ గీతలు పోవడానికి అంత సమయం పడుతుంది.

కాగితం మీద మాట

మోడల్ వయసు 29. అయినా గుర్తింపు కార్డు అసలు ప్రతి చూడకుండా పని మొదలుపెట్టను. మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్ ఆధార్ ప్రతిని మాత్రమే ఒప్పందానికి జతచేశాను. పద్దెనిమిదేళ్ళు నిండనివారితో ఈ పని ఏ రూపంలోనూ, ఎవరి అనుమతితోనూ చేయకూడదు.

చట్టం విషయంలో మనవాళ్ళలో ఒక అపోహ ఉంది: మోడల్ కెమెరా ముందు నిలబడడానికి ఒప్పుకుంటే అన్నిటికీ ఒప్పుకున్నట్టే అనుకుంటారు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ వివరణలోనే, తీయడానికి ఒప్పుకుని ఇతరులకు పంచడానికి ఒప్పుకోని చిత్రాన్ని పంచితే అది నేరమని ఉంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 66ఈ సెక్షన్ కూడా, అనుమతి లేకుండా తీసిన, పంపిన చిత్రాల గురించి చెబుతూ, లోదుస్తులు కప్పి ఉన్న శరీర భాగాలను కూడా అంతరంగ భాగాలుగానే లెక్కిస్తుంది. శిక్ష మూడేళ్ళ వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. అంటే తీయడానికి ఒక అనుమతి, ప్రచురించడానికి వేరొక అనుమతి కావాలి. మా ఒప్పందంలో ఈ రెండింటికీ వేర్వేరు పేజీలు, వేర్వేరు సంతకాలు పెట్టాం.

హక్కుల విషయమూ అక్కడే తేల్చుకున్నాం. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే తీయించినవారే తొలి యజమాని. అలా వదిలేస్తే విజయవాడ సంస్థ ఈ ఫొటోలను ఎక్కడైనా, ఎంతకాలమైనా వాడవచ్చు, మోడల్‌కు ఇచ్చిన మాటకు విలువ ఉండదు. కాబట్టి రెండేళ్ళ గడువు, వాడే చోట్ల జాబితా, హోర్డింగ్‌లకు వాడకూడదన్న షరతు, కృత్రిమ మేధ సాధనాల్లోకి ఎక్కించకూడదన్న షరతు ముగ్గురం సంతకం చేసిన ఒకే ఒప్పందంలో రాశాం. బట్టలు తొలగించినట్టు బొమ్మలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు ఎవరి చేతికైనా అందుతున్న ఈ కాలంలో ఈ చివరి షరతును నేను వదులుకోను. పల్చని బట్టలు వేసిన ఫొటోల్లో ముఖం పెదవుల పైకి కనిపించకుండా ఫ్రేము కట్టాలని మోడల్ కోరారు, దాన్నీ రాశాం.

ఇవన్నీ అయ్యాక ఆమె అడిగిన మాటే మా పనికి అసలు దారి చూపింది. “సార్, ఏం కనిపించకూడదో కాగితం మీద రాస్తున్నాం. నెట్‌లోంచి నిజంగా ఎంత కనిపిస్తుందో నేను వేసుకునే ముందే చూపించగలరా?”

అక్షరాల అట్ట

ఆమె ఒంటిమీద పరీక్షించడం సరికాదు. అలా చేస్తే ఆమె వద్దన్న ఫొటోనే మొదట తీసినట్టు అవుతుంది. అందుకని ఆమె చేతి రంగుకు దగ్గరగా ఉన్న చామనఛాయ అట్టముక్క తీసుకుని, దానిమీద ముదురు గోధుమ రంగులో తెలుగు అక్షరాలను ఐదు వరుసల్లో, 72 పాయింట్ల నుంచి 12 పాయింట్ల వరకు క్రమంగా చిన్నవవుతూ ప్రింటు తీయించాను. కంటి డాక్టరు దగ్గర గోడమీద ఉండే పటం లాంటిదన్నమాట. దాన్ని డమ్మీ ఛాతీకి అతికించి, పైన ఒక్కొక్క బట్టా వేసి, దీపాలు మారుస్తూ తీశాం. ఏ వరుస దాకా చదవగలిగితే ఆ బట్ట అంత పల్చగా కనిపిస్తున్నట్టు.

తెల్ల నెట్ ఒక పొరతో, కెమెరా పక్కనే పెట్టిన 120 సెంటీమీటర్ల ఆక్టాబాక్స్‌తో (ఫ్లాష్ వెలుతురును మెత్తగా చేసే ఎనిమిది పక్కల పెట్టె) తీస్తే ఐదు వరుసలూ చదవగలిగాం. అదే నెట్‌ను ఎడమ పక్క నాలుగు అడుగుల దూరంలో, కెమెరా చూపుకు దాదాపు 80 డిగ్రీల కోణంలో గ్రిడ్ (వెలుతురు పక్కలకు చెదరకుండా ఆపే జాలి) బిగించిన స్ట్రిప్‌బాక్స్‌తో (సన్నని పొడవాటి పెట్టెతో) తీసి, ఆక్టాబాక్స్‌ను రెండు స్టాపులు (ఒక్కో స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది) తగ్గించి కేవలం నీడలు నింపడానికి ఉంచితే మొదటి రెండు వరుసలు మాత్రమే మిగిలాయి. నెట్ రెండు పొరలైతే మొదటి వరుస కూడా అక్షరంగా కాక మచ్చగానే ఉంది. వెనకనుంచి ఒక స్టాపు ఎక్కువ వెలుతురు ఇచ్చినప్పుడు అక్షరాల కంటే ముందు డమ్మీ నడుము వంపు బట్టలోంచి కనిపించింది. ఆ అమరికను అప్పుడే జాబితాలోంచి కొట్టేశాం.

మోడల్ ఈ ఫొటోలను లాప్‌టాప్‌లో చూసి తన హద్దులు చెప్పారు: ఛాతీ మీద, తుంటి మీద ఒక్క వరుస కూడా చదవగలిగేలా ఉండకూడదు, వీపు మీద, చేతుల మీద మూడు వరుసల దాకా ఫర్వాలేదు. “ఇబ్బందిగా ఉండకూడదు”, “డీసెంట్‌గా ఉండాలి” వంటి మాటలు ఒక్కొక్కరికీ ఒక్కొక్క అర్థమిస్తాయి. మూడో వరుస అంటే గదిలో ఉన్న నలుగురికీ మూడో వరుసే. ఈ పనిలో నాకు దొరికిన అత్యంత ఉపయోగకరమైన సాధనం ఈ ఇరవై రూపాయల అట్టముక్క అని నిస్సంకోచంగా చెబుతాను.

లోపల వేసుకునే పల్చని ఇన్నర్ దగ్గర ఒక చిక్కు వచ్చింది. అంగళ్ళలో స్కిన్ కలర్ పేరుతో అమ్మేవి ఎక్కువగా తెల్లటి చర్మానికి తగ్గ రంగులో ఉంటాయి. చామనఛాయ మోడల్ నెట్ కింద అది వేసుకుంటే చర్మానికీ ఇన్నర్‌కూ మధ్య గీత స్పష్టంగా తెలుస్తుంది. నా సహాయకురాలు నైలాన్ ఇన్నర్లు మూడింటిని చిక్కటి టీ డికాక్షన్‌లో వేర్వేరు సమయాలు నానబెట్టి, ఆరబెట్టి, మోడల్ ముంజేతి పక్కన పెట్టి చూసి సరిపోయినదాన్ని ఎంచారు. నైలాన్ టీ రంగును బాగా పట్టుకుంటుంది. పాలిస్టర్ పట్టుకోదు కనుక కొనేటప్పుడే లేబుల్ చూడాలి.

షూట్ రోజు

కెమెరాను కేబుల్‌తో లాప్‌టాప్‌కు కలిపి, లాప్‌టాప్ వైఫై ఆపేసి, తెరను మోడల్ వైపు తిప్పి ఉంచాం. సెన్సర్ సున్నితత్వం ఐఎస్ఓ 100, షట్టర్ సెకనులో 1/160 వంతు, లెన్స్ ద్వారం ఎఫ్/8 నుంచి మొదలుపెట్టాం. నలభై అయిదు నిమిషాలు పని, పదిహేను నిమిషాలు విశ్రాంతి.

అన్నిటికంటే ఎక్కువ సమయం తెల్ల నెట్ రోబ్ తీసుకుంది. ఆన్‌లైన్ అంగడి ప్రధాన చిత్రానికి వెనక పూర్తి తెలుపు, అంటే ఆర్‌జీబీ విలువలు మూడూ 255 ఉండాలంటుంది. గోడను అంత తెల్లగా వెలిగిస్తే ఆ వెలుతురే మోడల్ వెనకనుంచి నెట్‌లోకి వచ్చి, వద్దని కొట్టేసిన అమరికే దొడ్డిదారిన తిరిగి వస్తుంది. ముదురు గోడ ముందు తీసి తరువాత కత్తిరించుకుందామంటే, నెట్ కన్నాల్లోంచి ఆ ముదురు రంగు కనిపిస్తూనే ఉంటుంది. మేము చేసింది ఇది: తెల్ల పేపర్ రోల్‌లో మోడల్ వెనక నాలుగు అడుగుల వెడల్పు మాత్రమే వదిలి, మిగతా రెండు పక్కలా నల్లరంగు వేసిన థర్మోకోల్ షీట్లు నిలబెట్టాం. తెలుపును మోడల్ మీది వెలుతురు కంటే అర స్టాపు మాత్రమే ఎక్కువ ఉంచాం. అది 255 కాకపోయినా, రోబ్ అంచుకు బయట ఉన్న భాగాన్ని మాత్రమే ఎడిటింగ్‌లో పూర్తి తెలుపు చేశాం. అంచుకు లోపల, బట్ట ఉన్నచోట ఈ తెలుపు కోసం ఒక్క పిక్సెల్‌నూ మార్చలేదు. రోబ్ ముందు రెక్కలను ఛాతీ దగ్గర ఒకదానిమీద ఒకటి వేసి లోపల పిన్ను పెట్టడంతో అక్కడ రెండు పొరలు వచ్చాయి, చేతుల దగ్గర ఒకటే పొర.

ఒక ఫ్రేములో ఆమె చేయి ఎత్తగానే రెక్క జారి ఒక పొర అయింది. తెరమీద చూసి “ఇది వద్దు సార్” అన్నారు. ఆమె ఎదుటే తీసేశాం. అయితే కెమెరా మెమరీ కార్డులోంచి డిలీట్ చేసిన ఫొటోను సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి తేవచ్చని ఆమెకు చెప్పడం నా బాధ్యత. కాబట్టి రోజు చివర ఎంచుకున్నవి కాపీ చేసుకున్నాక, ఆ కార్డును ఆమె ముందే ఫార్మాట్ చేసి, లెన్స్ మూత పెట్టిన కెమెరాతో నిండేదాకా నల్ల వీడియో రికార్డు చేసి, మళ్ళీ ఫార్మాట్ చేశాం. కార్డు నిండాక పాత ఫొటోలను వెతికి తీయడం మామూలు పద్ధతుల్లో కుదరదు.

తెల్ల నెట్‌కు నీలి ఛాయ కూడా వచ్చింది. గ్రే కార్డు (రంగు సరిచూసే బూడిదరంగు అట్ట) ప్రకారం చర్మం సరిగానే ఉంది, నెట్ మాత్రం నీలం. తెల్ల సింథటిక్ బట్టలకు మిల్లులో తెల్లదనం పెంచే రసాయనాలు కలుపుతారు. అవి ఫ్లాష్‌లోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని నీలి వెలుతురుగా వదులుతాయి. అది బట్ట దగ్గరే కంటికి కనిపించే నీలంగా మారిపోతుంది కనుక లెన్స్ ముందు యూవీ ఫిల్టర్ పెట్టినా ఫలితం ఉండదు. ఆ కిరణాలను దీపం దగ్గరే ఆపాలి. ఫ్లాష్ ముందు యూవీని పీల్చే పారదర్శకమైన జెల్ కాగితం అతికిస్తే తెలుపు తెలుపుగా వచ్చింది.

నల్ల లేస్ జతలో చిక్కు దీనికి తలకిందులు. లేస్ గోధుమ వైపు, దానికి కుట్టిన ఎలాస్టిక్ పట్టీ అసలైన నలుపుగా పడ్డాయి. కంటికి రెండూ ఒకే నలుపు. కొన్ని సింథటిక్ నల్లరంగులు పరారుణ కిరణాలను బాగా తిప్పికొడతాయి, కెమెరా సెన్సర్ వాటిని కొంత చూస్తుంది. 2006లో వచ్చిన లైకా ఎం8 కెమెరాలో నల్ల సింథటిక్ బట్టలు ఊదారంగుకు తిరిగి, లెన్స్ ముందు పెట్టుకోవడానికి ఆ సంస్థ కొనుగోలుదారులకు ప్రత్యేక ఫిల్టర్లు ఇవ్వవలసి వచ్చింది. ఇప్పటి కెమెరాల్లో అంత తీవ్రత లేదు గాని పూర్తిగా పోలేదు. ఫ్లాష్‌లో ఎప్పుడూ వెలిగి ఉండే హాలోజన్ మోడలింగ్ దీపాలు ఆర్పేసి, లెన్స్‌కు పరారుణాన్ని ఆపే ఫిల్టర్ పెడితే తేడా చాలావరకు తగ్గింది. చామనఛాయ చర్మం మీద నల్ల లేస్ కలిసిపోకుండా, దాని పువ్వుల అంచులు తెలియడానికి కుడి వెనక నుంచి ఒక సన్నని స్ట్రిప్ వెలుతురు ఇచ్చాం. లేస్ ఒంటికి అంటుకుని ఉంటుంది కనుక, వదులు రోబ్‌కు ప్రమాదమైన వెనక వెలుతురు ఇక్కడ హాని చేయలేదు.

నల్ల మెష్ బాడీసూట్ దగ్గర బట్టమీద రంగురంగుల అలలు, అంటే మొయిరే వచ్చింది. లెక్క వేస్తే కారణం బయటపడింది. 24 మెగాపిక్సెల్ సెన్సర్ నిలువునా 6000 పిక్సెళ్ళు. రెండు మీటర్ల ఫ్రేములో ఒక మిల్లీమీటరుకు మూడు పిక్సెళ్ళు వస్తాయి. ఆ మెష్‌లో కన్నానికీ కన్నానికీ ఎడం 0.7 మిల్లీమీటర్లు, అంటే రెండు పిక్సెళ్ళ పైచిలుకు. ఒక వరుసను విడిగా చూపడానికి కనీసం రెండు పిక్సెళ్ళు కావాలి కనుక మేము సరిగ్గా హద్దు మీద ఉన్నాం. నడుము పైభాగానికి, 1.1 మీటర్ల ఫ్రేముకు దగ్గరగా వెళ్ళగానే ఒక్కొక్క కన్నానికి దాదాపు నాలుగు పిక్సెళ్ళు వచ్చి అలలు మాయమయ్యాయి. నిలువు ఫొటో తప్పనిసరి కనుక దానికి లెన్స్ ద్వారాన్ని ఎఫ్/16 వరకు మూసి, చిత్రం కొద్దిగా మెత్తబడేలా చేసి గట్టెక్కాం. ఫొటోను అంగడి కోసం చిన్నది చేసేటప్పుడు అవే అలలు మళ్ళీ పుట్టుకొస్తాయి. చిన్నది చేసే ముందు మెష్ ఉన్నచోట మాత్రం స్వల్పంగా బ్లర్ చేయాలి. వంద శాతం పెద్దది చేసి చూడకుండా మొయిరే ఉందని గానీ లేదని గానీ అనుకోవద్దు, ఎందుకంటే లాప్‌టాప్ తెర తనంతట తానే లేని అలలు చూపిస్తుంది.

జార్జెట్ నైటీకి లోపల లైనింగ్ ఉంది. పది నిమిషాల్లో అయింది. ఆర్గంజా బిగుసుగా నిలబడే బట్ట, ఒంటికి దూరంగా ఉంటుంది కనుక పక్క వెలుతురులో అందంగా పడింది. రెండింటిలోనూ అక్షరాల అట్ట చెప్పినదానికీ ఫొటోకూ తేడా రాలేదు.

కొనేవారికి నిజం

మోడల్ హద్దులు నిలబెట్టాం. మరి రోబ్ నిజంగా ఎంత పల్చనో కొనే ఆడవాళ్ళకు తెలిసేదెలా? పక్క వెలుతురుతో తీసిన ఫొటోలో అది ఉన్నదానికంటే కాస్త మందంగానే కనిపిస్తుంది. అందుకని ప్రతి పల్చని దుస్తుకూ ఒక అదనపు ఫొటో తీశాం: బట్ట ఒక పొర వెనక సహాయకురాలి అరచెయ్యి, ఎదురుగా మామూలు కిటికీ వెలుతురు. వేళ్ళు, గోరింటాకు, ఉంగరం ఎంతవరకు కనిపిస్తాయో చూస్తే బట్ట స్వభావం తేటతెల్లం. పక్కనే ‘ఒక పొర, లైనింగ్ లేదు’ అని రాయించాం. ఒంటిమీద చూపించవలసిన అవసరం లేకుండానే ఆ సమాచారం అందింది. పల్చదనం గురించిన ఫిర్యాదుతో రోబ్‌లు తిరిగిరావడం ఆగిందని యజమానురాలు తరువాత చెప్పారు.

రిటచింగ్ నేనే చేశాను, బయటికి పంపలేదు. పుట్టుమచ్చలు, చర్మం సాగిన చారలు చెరపనని యజమానురాలికి ముందే చెప్పాను. దారప్పోగులు, పిన్నుల మెరుపు, ఎలాస్టిక్ గీతల శేషం మాత్రమే తీశాను. ఫైళ్ళు పాస్‌వర్డ్‌తో తాళం వేసిన రెండు హార్డ్‌డిస్క్‌లలో ఉంచి, పాస్‌వర్డ్‌ను వేరే మార్గంలో ఇచ్చాను. మోడల్‌కు కూడా తుది ఫొటోల పూర్తి ప్రతి ఇచ్చాం, ఎందుకంటే తన ఏ చిత్రాలు లోకంలో ఉన్నాయో ఆమె దగ్గర లెక్క ఉండాలి.

రెండేళ్ళ గడువు పూర్తయ్యే ముందు నెల, ఒప్పందం ప్రకారం నేను ఇద్దరికీ రాశాను. మోడల్ ఆ మధ్య పెళ్ళి చేసుకున్నారు. మిగతా ఫొటోలకు మరో ఏడాది అనుమతిస్తూ, రోబ్ ఫొటోలు రెండూ ఇక వద్దన్నారు. కారణం నేను అడగలేదు, యజమానురాలు కూడా అడగలేదు. ఆ రెండూ అంగడినుంచి దిగాయి, నా డిస్క్‌లలోంచి పోయాయి. రోబ్ ఇంకా అమ్ముడవుతోంది కనుక దాన్ని డమ్మీ మీద మళ్ళీ తీశాం. తెల్ల డమ్మీ మీద నెట్ అసలు కనిపించలేదు. పరీక్షకు వాడిన చామనఛాయ అట్టనే, ఈసారి అక్షరాలు లేకుండా, డమ్మీ చుట్టూ చుట్టి పైన రోబ్ వేసి, అవే దీపాలు అదే కోణంలో పెట్టి తీస్తే, మనిషి మీద ఎంత పల్చగా పడిందో అంతే పల్చగా పడింది.